ఆడపిల్లకి ఎక్కడా వినని పేరు పెట్టాలంటే ఏం చెయ్యాలి? మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఒక పద్ధతి

"మేడం, పాప పుట్టింది, మంచి పేరు చెప్పండి, మా చుట్టుపక్కల ఎవరికీ ఉండకూడదు." ఈ మాట నాకు నెలకి రెండుమూడు సార్లయినా వస్తుంది. బడిలో పాఠాలు చెప్తాను కదా, రోజూ పొద్దున్నే పిల్లల పేర్లు పిలిచేది నేనే కదా, అందుకని అడుగుతారు. అందరికీ నేను చెప్పేది ఒకటే కాబట్టి ఇక్కడ వరసగా రాసేస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను పేర్ల లిస్టు ఇవ్వను. లిస్టులో ఉందంటే ఆ పేరు మీకన్నా ముందు ఎంతమంది చూసుంటారో ఆలోచించండి. హన్విక, ధన్విక, తన్విక, సాన్విక అని ఒకే తరగతిలో నలుగురు కూర్చుంటే, వాళ్ళ నాన్నలు నలుగురూ "కొత్త పేరు మేడం" అనే చెప్పారు నాతో. పేరు వెతికే పద్ధతి తెలిస్తే లిస్టు అక్కర్లేదు.

కావలసినవి:

- పాప నక్షత్రం, పాదం (మీ ఇంట్లో పట్టింపు ఉంటేనే)
- ఒక నోటుబుక్కు. ఫోన్లో రాసుకోకండి, ఇది ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి ఇవ్వాలి
- ఇంట్లో అందరికన్నా పెద్దామె, ఆవిడ దగ్గర ఒక గంట
- ఆరేడేళ్ళ పిల్ల ఎవరైనా, మన ఇంట్లో లేకపోతే పక్కింట్లో
- మంచి తెలుగు నిఘంటువు. ఆంధ్రభారతి సైట్లో చాలా నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు
- పదిరోజుల ఓపిక

1. మొక్కులు, అక్షరాలు ముందు తేల్చుకోండి

చాలామంది పేరు నచ్చాక పంతులుగారి దగ్గరకెళ్తారు, ఆయన "ఈ అక్షరం రాదమ్మా" అంటారు, అక్కడ ఇంట్లో గొడవ మొదలు. రివర్సులో చెయ్యండి. నక్షత్రం పాదాన్ని బట్టి అక్షరం వస్తుంది, రోహిణి అయితే ఓ, వా, వీ, వూ. విశాఖ అయితే తీ, తూ, తే, తో. రేవతి అయితే దే, దో, చా, చీ, ఇలా. హస్త, ఆర్ద్ర వాళ్ళకి కొంచెం కష్టం, ణ, ఠ, ఙ లాంటివి పడతాయి, వాటితో పేరు మొదలవదు. అలాంటప్పుడు జన్మనామం వేరు, పిలుచుకునే పేరు వేరు అని పెట్టుకోవచ్చు, ఇది కొత్తగా పుట్టిన సర్దుబాటేం కాదు, పూర్వం నుంచీ ఉన్న పద్ధతే. జన్మనామం బారసాల రోజు బియ్యంలో రాసి చెవిలో చెప్తారు, రెండోది బడికెళ్తుంది.

మొక్కు కూడా అంతే. మనవైపు సింహాద్రి అప్పన్నకో పైడితల్లమ్మకో మొక్కుకోని ఇల్లు ఉంటుందా? "అమ్మ పేరు కలపాలి" అంటే కాదనకండి. కానీ నాలుగు పేర్లు ఒక దండగా గుచ్చి సర్టిఫికెట్ ఎక్కించకండి. అప్లికేషన్లలో గళ్ళు చాలవు, ఒకచోట సగం, ఇంకోచోట ఇంకో సగం పడుతుంది, ఆ పిల్ల పెద్దయ్యాక రెండూ ఒకటేనని నిరూపించుకోవాలి.

2. పేరు కోసం ఎక్కడ వెతకాలి

ఇది నిదానంగా చెయ్యాల్సిన పని. కనీసం ముప్ఫై పేర్లు రాసుకోండి, బాగుందో లేదో ఇప్పుడే తేల్చొద్దు.

మొదట నానమ్మ దగ్గర కూర్చోండి. ఆవిడ పేరు, ఆవిడ అమ్మ పేరు, అత్తల పేర్లు అన్నీ అడిగి రాసుకోండి, ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా అడగండి. నేనలా అడిగినప్పుడే మా తాతమ్మ పేరు తవిటమ్మ ఎందుకో తెలిసింది. ఆమెకి ముందు పుట్టినవాళ్ళు దక్కలేదంట, దక్కిన పిల్లని దిష్టి తగలకుండా వేరేవాళ్ళ చేతిలో పెట్టి, చేటెడు తవుడు ఇచ్చి మళ్ళీ కొనుక్కున్నారంట. తవిటమ్మలు, తవిటినాయుళ్ళు, పెంటమ్మలు మన ఊళ్ళల్లో అంతమంది ఉన్నారంటే వాళ్ళ వెనక అంతమంది ఏడ్చిన తల్లులున్నారు. ఆ పేరు వింటే నవ్వే పిల్లలకి బడిలో నేను ఈ సంగతి చెప్తాను, ఇంక నవ్వరు.

ఇప్పుడు మీ పాపకి తవిటమ్మ అని పెట్టమని కాదు. పాత పేరు లోపల ఏముందో చూడమంటున్నా. పైడితల్లి తీసుకోండి. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను చూడ్డానికి లక్షలమంది వెళ్తాం కదా, పైడి అంటే బంగారం అని ఎంతమందికి గుర్తుంటుంది? పైడి, పసిడి రెండూ అదే మాట. నానమ్మ పైడితల్లి అయితే మనవరాలు పసిడి. మూడక్షరాలు, అచ్చ తెలుగు, అమ్మవారి పేరూ వచ్చింది, నానమ్మ పేరూ వచ్చింది. పాతపట్నం అమ్మవారు నీలమణి దుర్గ, ఆ వైపు వాళ్ళకి నీలమణి అనే పేరు ఎంత బాగుంటుందో చూడండి.

తర్వాత మన నదులు. దేశంలో ఆడపిల్లలకి గంగ, యమున, గోదావరి, కావేరి అని పెట్టారు గానీ మన జిల్లాల నీళ్ళని ఎవరూ తలుచుకోరు. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, చంపావతి, వేగావతి, సువర్ణముఖి, బాహుదా. వీటిలో ఏది పేరు కాదు చెప్పండి? మహేంద్రతనయ అంటే మహేంద్రగిరి కూతురు, బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంత పొడుగొద్దంటే తనయ అని పెట్టుకోండి. ఇంక వంశధార సంగతి. అబ్బాయి పుడితేనే వంశం నిలబడుతుంది అనే మాట ఆసుపత్రి వరండాలో ఇప్పటికీ వింటున్నాం కదా, అక్కడ ఆడపిల్లని ఎత్తుకుని "దీని పేరు వంశధార" అంటే చాలు, వేరే జవాబు అక్కర్లేదు.

మూడోది సంగీతం, పద్యం. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, అలాంటి ఊరివాళ్ళం రాగాల పేర్లు వదిలేస్తే ఎలా. కళ్యాణి, మోహన, రేవతి అందరూ పెట్టేసుకున్నారు. ఆభేరి, శ్రీరంజని, అమృతవర్షిణి, హంసధ్వని ఇంకా మిగిలే ఉన్నాయి. పద్యాల్లో తేటగీతి ఉంది, తేటగా ఉండే పాట అని విడదీసుకోవచ్చు. పక్కనే ఆటవెలది కూడా ఉంది, అది మాత్రం పెట్టకండి, నాట్యం ఆడే స్త్రీ అని మొదలై వేశ్య అనే అర్థం దాకా వెళ్ళింది.

నాలుగోది రోజూ వాడే మాటలు. వేకువ, తొలకరి, చినుకు, జాబిలి, కిన్నెర, సంపెంగ. మా చిన్నపాప పేరు తొలకరి. విశాఖ నక్షత్రం నాలుగో పాదం, "తో" రావాలన్నారు, జూన్లో పుట్టింది, ఆసుపత్రి కిటికీలోంచి మొదటి వాన వాసన వచ్చింది. అంతే, ఇంక వేరేది వెతకలేదు.

3. అర్థం చూడండి, నిఘంటువులోనే చూడండి

నెట్లో పేర్ల సైట్లు ప్రతీ పేరుకీ "లక్ష్మీదేవి", "తెలివైనది", "అందమైనది" అని రాసేస్తాయి. శబ్దరత్నాకరంలోనో సూర్యరాయాంధ్రలోనో ఆ మాట దొరికితేనే నమ్మండి, సంస్కృతం పేరైతే సంస్కృత నిఘంటువులో. దొరకలేదంటే ఎవరో అక్షరాలు కలిపి చేసిన పేరు, అర్థం తర్వాత అతికించారు. పెట్టుకోవడం మీ ఇష్టం, కానీ రేపు పిల్ల "నా పేరుకి అర్థం ఏటమ్మా" అని అడిగితే నిజం చెప్పగలగాలి.

వినడానికి తియ్యగా ఉండి లోపల వేరేలా ఉండేవి కొన్ని, ఇవన్నీ ఎవరో ఒకరు నన్ను అడిగినవే:

- నిర్మాల్య: దేవుడికి పెట్టి తీసేసిన పువ్వులు
- ఆహుతి: హోమంలో వేసేది. పేపర్లో "అగ్నికి ఆహుతి" అని ఎప్పుడు రాస్తారో తెలుసు కదా
- వైతరణి: యమలోకం దారిలో నది
- మరీచిక: ఎండమావి
- మిథ్య: అబద్ధం
- నివాళి: అసలు అర్థం హారతి, మంచిదే, కానీ ఇప్పుడు పోయినవాళ్ళ ఫొటో కింద తప్ప ఆ మాట కనపడట్లేదు
- గోస్తని: ఇదీ మన నదే, తాటిపూడి రిజర్వాయర్ దీనిమీదే, కానీ అర్థం ఆవు పొదుగు. నదికి బాగుంది, పిల్లకి వద్దు

రాగాల్లో కూడా ముఖారి దగ్గర ఆగండి, ఆ పేరు చెప్తే అందరికీ ఏడుపే గుర్తొస్తుంది.

4. నోటి పరీక్ష

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే, అందరూ వదిలేసేది కూడా ఇదే. పేరు రాసుకుని చూసి మురిసిపోతారు గానీ పేరు కాగితం మీద ఉండేది కాదు, నోట్లో ఉండేది.

గుమ్మంలో నిలబడి, వీధి చివర ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు గట్టిగా పిలవండి. మూడుసార్లు. చివర ఆ, ఈ, ఊ లాంటి అచ్చు సాగితే పేరు దూరం వెళ్తుంది. "పసిడీ..." వెళ్తుంది. "హంసధ్వనీ..." మధ్యలో విరుగుతుంది, ఇంట్లో హంస అని పిలుచుకోవాల్సిందే.

తర్వాత నానమ్మ చేత పిలిపించండి. మనవైపు పెద్దవాళ్ళ నోట్లో శ, ష రెండూ స అయిపోతాయి, మాట మొదట్లో వె, వే ఉంటే ఎ, ఏ అయిపోతాయి. వెన్నెల ఎన్నెల అవుతుంది, అది ఇంకా బాగుంటుంది. వేకువ ఏకువ అవుతుంది, పరవాలేదు. యశస్విని మాత్రం ఎసస్ని అవుతుంది. పెద్దవాళ్ళ నోరు తిప్పలేం కాబట్టి పేరునే ఆ నోటికి తగినట్టు చూసుకోవాలి. ఆ పిల్లని రోజుకి యాభైసార్లు పిలిచేది ఆవిడే.

ముద్దుపేరు కూడా ఇప్పుడే చూడండి. మీరు ఎంత వద్దన్నా రెండక్షరాలకి కోసేస్తారు. ఆ కోసిన ముక్క బాగుందా? నాకు చంపావతి పేరంటే చచ్చేంత ఇష్టం, కోనాడ దగ్గర సముద్రంలో కలిసే ఆ నది ఒడ్డునే మా అమ్మమ్మ ఊరు. పెద్దపాపకి అదే పెడదామనుకున్నాను. ఒకరోజు మా తమ్ముడు ఉయ్యాల ఊపుతూ "చంపా, చంపా, చంపీ" అన్నాడు. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ రోజే నోటుబుక్కులో కొట్టేశాను, ఇప్పటికీ బాధే.

సిరి అని పెడదామనుకునేవాళ్ళు ఒక్క విషయం చూసుకోండి, ఇంట్లో ఐఫోన్ ఉంటే మీరు పాపని పిలిచినప్పుడల్లా అది పలకొచ్చు. సిరిమల్లి అని పిలిస్తే ఆ తిప్పలు కొంచెం తగ్గుతాయి.

5. బడి పరీక్ష

పక్కింటి ఆరేళ్ళ పిల్లని పిలిచి "ఈ పేరున్న అమ్మాయి మీ క్లాసులోకొస్తే ఏమని పిలుస్తారు?" అని అడగండి. పెద్దవాళ్ళు మొహమాటపడతారు, వాళ్ళు పడరు. ప్రాసలు, వెక్కిరింపులు అన్నీ అయిదు నిమిషాల్లో బయటికొచ్చేస్తాయి. చిన్న వెక్కిరింపుకి పేరు మార్చెయ్యక్కర్లేదు, ఏ పేరునైనా పిల్లలు ఏదో ఒకటి అంటారు. బూతు మాటకి దగ్గరగా ఉంటే, ఒంటి రంగు మీదకో లావు సన్నం మీదకో వెళ్తే మాత్రం వదిలెయ్యండి.

ఇంకోటి, ఇంటిపేరు మొదటి అక్షరంతో కలిపి ఇంగ్లీష్‌లో రాసి చూడండి, ఒక్కోసారి మొదటి అక్షరాలు కలిసి ఏదో మాట అయిపోతుంది.

6. ఊరు దాటాక ఎలా వినపడుతుంది

మన పిల్లలు వైజాగ్‌తో ఆగరు కదా, హైదరాబాద్, చెన్నై, గుజరాత్, ఎక్కడెక్కడికో వెళ్తారు. హిందీ తెలిసినవాళ్ళకి ఒకసారి వినిపించండి. కలువ మనకి పువ్వు, హిందీ వాళ్ళ చెవికి కలువా, అంటే నల్లోడా అన్నట్టు. వెన్నెల ఇంగ్లీష్‌లో రాస్తే తెలియనివాళ్ళు వెనిల్లా అని చదివేస్తారు. ఇచ్ఛాపురం, మందస వైపు వాళ్ళైతే ఒడియా చుట్టాల చేత కూడా అనిపించండి, వాళ్ళ పలుకులో అ కాస్తా ఒ వైపు తిరుగుతుంది.

దీని కోసం పేరు వదులుకోవాలా అంటే, నేనైతే కలువ ఒక్కటే వదులుతాను. వెనిల్లా అన్నవాడికి ఒకసారి సరిచేస్తే సరిపోతుంది.

7. ఇంగ్లీష్ స్పెల్లింగ్ ఒకటే, మొదటిరోజే

ఇంగ్లీషోళ్ళ నోట్లో పడి శ్రీకాకుళం చికాకోల్ అయింది, విజయనగరం స్పెల్లింగ్‌లో జ కోసం వెతికితే ఇప్పటికీ జెడ్ కనపడుతుంది. ఊళ్ళకే తప్పలేదు, పిల్ల పేరుకి తప్పుతుందా. కొత్త పేరుకి ఇంకా ఎక్కువ, ఎందుకంటే లక్ష్మి అంటే టైపు చేసేవాళ్ళకి తెలుసు, తొలకరి అంటే ఎవరికి తోచింది వాళ్ళు కొడతారు.

మా పాప విషయంలో జరిగింది చెప్తాను. ఒక కాగితంలో టి హెచ్ ఓ అని మొదలైంది, ఇంకో కాగితంలో టి ఓ అని. నేను నోటితో చెప్పాను, వాళ్ళు టైపు చేశారు, హడావిడిలో సంతకం పెట్టేశాను. ఆ ఒక్క హెచ్ కోసం సంటిపిల్లని చంకనేసుకుని నాలుగుసార్లు తిరిగాను. నోటితో చెప్పొద్దు. తెలుగులో, ఇంగ్లీష్‌లో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చేతికివ్వండి, స్క్రీన్ మీద మీరే చదవండి, తర్వాతే సంతకం.

స్పెల్లింగ్ తక్కువ అక్షరాలతో ఉండేలా చూడండి. సంఖ్యాశాస్త్రం అని ఇంకో ఎ, ఇంకో ఐ కలిపితే ఆ పిల్ల జీవితాంతం "డబుల్ ఎ అండీ, చివర డబుల్ ఐ అండీ" అని చెప్పుకుంటూ తిరగాలి. నమ్మకం ఉన్నవాళ్ళని నేనేమీ అనను, అలా వచ్చిన స్పెల్లింగ్ ఎవరైనా విని రాయగలరో లేదో ఒకసారి చూసుకోమంటున్నా, అంతే.

8. పెద్దవాళ్ళని ఒప్పించడం

పేరు ఖాయం చేసి చెప్పకండి, రెండు మూడు మిగిలాక నోటుబుక్కు వాళ్ళ చేతికిచ్చి "మీరే ఎంచండి" అనండి. మేం ముందే ఖాయం చేసి తప్పు చేశాం. మా అత్తగారు "ఏటమ్మా, పిల్లకి పేరు పెడతన్నావా, పొలానికి పెడతన్నావా?" అన్నారు, రెండురోజులు పలకలేదు. మా మావగారు మాత్రం "ఓలి, తొలకరి పడితేనే కదా మనకి ఏరువాక" అన్నారు. ఆ మాట ఆవిడ మీద పనిచేసింది. ఇప్పుడు తొలమ్మా తొలమ్మా అని రోజంతా ఆవిడదే గోల, ఎవరైనా పేరు అడిగితే ముందు ఆవిడే అర్థం చెప్తారు.

ఎంత చెప్పినా ఒప్పుకోకపోతే వాళ్ళు కోరిన పేరు ముందో వెనకో ఒకటి కలపండి. పసిడి లక్ష్మి, తనయ నారాయణి. రెండు దాటొద్దు.

9. రిజిస్ట్రేషన్

బారసాల చాలామంది 21వ రోజు చేస్తారు, పుట్టుక నమోదు చేయించాల్సింది కూడా 21 రోజుల్లోపే. పేరు తేలలేదని నమోదు ఆపకండి. ఆసుపత్రిలో పుడితే వివరాలు వాళ్ళే పంపుతారు, అయినా నమోదయ్యిందో లేదో మీరు కనుక్కోండి. ఇంట్లో పుడితే పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మీరే చెప్పాలి. పేరు లేకుండానే నమోదు అవుతుంది, తర్వాత ఎక్కించుకోవచ్చు. కాబట్టి 20వ రోజు రాత్రి కంగారుపడి ఏదో ఒక పేరు రాయించెయ్యకండి.

2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చాలన్నా, ఓటు, లైసెన్స్, పాస్‌పోర్ట్ దేనికైనా పుట్టినతేదీ రుజువు ఈ జనన ధ్రువీకరణ పత్రమే. అందుకే ముందు ఇందులో పేరు సరిగ్గా ఎక్కించి, ఆ కాగితం చూపించే ఆధార్ చేయించండి, ముందూ వెనకా చెయ్యొద్దు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుకి, పేరుకి వేరే గళ్ళుంటాయి కాబట్టి ఇంటిపేరు పొట్టి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించుకుంటే మంచిది.

కాగితం చేతికొచ్చాక అక్కడే నిలబడి చూడాల్సినవి: తెలుగులో పేరు, ఒత్తులు దీర్ఘాలు సహా, ఇంగ్లీష్‌లో పేరు, ఒక్కో అక్షరం వేలు పెట్టి, తల్లి పేరు, తండ్రి పేరు మీ ఆధార్లో ఉన్నట్టే ఉన్నాయా, తేదీ, ఆడ అని పడిందా మగ అని పడిందా. కొత్త పేరు చూసి ఆడో మగో తెలియక తప్పు కొట్టేస్తారు, మాకు దాదాపు అలాగే అయ్యేది. అక్షరం తప్పు పడితే రుజువులు పెట్టి సరిచేయించుకోవచ్చు, పేరు మొత్తం మార్చడం మాత్రం వేరే పెద్ద తతంగం.

పాపకి అప్పుడే ఆరేడు నెలలు వచ్చేశాయి, సర్టిఫికెట్లో పేరు గడి ఖాళీగానే ఉంది అనేవాళ్ళు భయపడకండి. నమోదు చేసిన రోజు నుంచి 12 నెలల్లోపు అయితే పేరు ఉచితంగా ఎక్కిస్తారు, అది దాటితే 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుము కట్టి ఎక్కించుకోవచ్చు. ఇంకా టైం ఉంది, నోటుబుక్కు తీసుకుని రెండో మెట్టు దగ్గర మొదలుపెట్టండి, నానమ్మ మధ్యాహ్నం పడుకుని లేచాక వెళ్ళండి, అప్పుడు బాగా చెప్తారు.